రాకకు హారతి, పోకకు పంచాయితీ

గరివిడిలో ఒకడు ఏదైనా కొత్త సంఘంలో చేరితే అది ఒక పూట వార్త. అదే సంఘం మానేస్తే ఏడాదిపాటు వార్త. చేరినప్పుడు 'ఎందుకు చేరావు' అని అడిగేవాళ్ళు నలుగురుంటే, మానేసినప్పుడు 'ఎందుకు మానేశావు' అని అడిగేవాళ్ళు నలభైమంది. ఆ నలభైమందికీ జవాబు ముందే తెలుసు. అడగడం మర్యాద కోసమే.

చేర్చుకోవడానికి మన దగ్గర ఏర్పాట్లకేమీ లోటు లేదు. బాప్తిస్మానికి తొట్టి ఉంది, శుద్ధికి హోమగుండం ఉంది, పార్టీకి కండువా ఉంది. పోవడానికే ఏ ఏర్పాటూ లేదు. పోయేవాడికి తొట్టీ లేదు, గుండమూ లేదు, కనీసం ఒక కప్పు టీ కూడా లేదు. అయినా పోయేవాళ్ళు పోతూనే ఉంటారు. అలా పోయినవాణ్ణి ఏం చెయ్యాలో తెలియక ఊరు ఊరంతా తలో పని చేస్తుంది. ఆ పనుల జాబితాయే ఈ వ్యాసం.

ఒక మనిషిని ఊహించుకుందాం. శ్రీరాంనగర్ పక్కన ఇల్లు, చీపురుపల్లి రోడ్డులో చిన్న ఎలక్ట్రికల్ షాపు. ఇరవై ఏళ్ళు యెహోవాసాక్షిగా ఉన్నాడు. ఎండనక వాననక చేతిలో 'కావలికోట', సంచిలో 'తేజరిల్లు!' పత్రికలు పట్టుకుని గడప గడపా తిరిగాడు. ఊరికి అతనొక వింత. క్రైస్తవుడంటాడు, క్రిస్మస్ చెయ్యడు. పిల్లలున్నారు, పుట్టినరోజు చెయ్యడు. ఎలక్షన్లొస్తే ఓటు వెయ్యడు. ఆఖరిదొక్కటే ఊళ్ళో నాయకుల మనసు నిజంగా కష్టపెట్టింది. ఇప్పుడతను మానేశాడు. ఎందుకు మానేశాడో నేను చెప్పను. కారణం అతని సొంతం. దాన్ని అతనికే వదిలెయ్యడం చాతకాని ఊరి గురించే నా గొడవంతా.

మొదటి వంతు అతను విడిచిన సంఘానిది. అక్కడ పద్ధతి చాలా పొదుపైనది. కూటంలో పెద్దలు ఒక్కటే వాక్యం చదువుతారు: ఫలానా వ్యక్తి ఇకమీదట యెహోవాసాక్షి కాదు. అంతే. కారణం చెప్పరు. వ్యభిచారం చేసి పట్టుబడ్డవాడికీ, బైబిలు చదివి చదివి సందేహం వచ్చి తనంతట తానే ఉత్తరం రాసిచ్చి వచ్చేసినవాడికీ అదే వాక్యం. తప్పు చేసినవాడికీ ఆలోచించినవాడికీ ఇంత సమానంగా తీర్పు చెప్పే చోటు భూమ్మీద ఇంకొకటి ఉంటుందని నేననుకోను.

ఆ వాక్యం చదివిన మరునాటినుంచి నిన్నటి సహోదరులు మాట్లాడరు. ఒకే ఇంట్లో ఉండే భార్యాపిల్లలకు వెసులుబాటు ఉంది. వేరే ఇంట్లో ఉండే తల్లి, అన్న, పెళ్ళయిన కూతురు మాత్రం తప్పనిసరి కుటుంబ వ్యవహారానికి తప్ప పలకరించకూడదు. న్యూయార్కులో నలుగురు మాట్లాడ్డం మానేస్తే మిగతా ఎనభై లక్షలమంది ఉన్నారు. గరివిడిలో అలా కాదు. విజయనగరం పోయే బస్సు అదే, స్టేషన్లో ఎక్కే ప్లాట్‌ఫారం అదే, టీ కొట్టూ అదే. ఎదురుగా వస్తున్నవాణ్ణి చూడనట్టు నటించాలంటే ఎటో ఒకవైపు చూడాలి. పాపం, ఊళ్ళోని ఫేకర్ ఫ్యాక్టరీ పొగగొట్టాన్ని దాన్ని కట్టిన ఇంజనీరు కూడా అంత శ్రద్ధగా చూసి ఉండడు.

ఇంత కఠినమేమిటని బాధపడేవారికి ఊరట కబురొకటి ఉంది. 2024 మార్చిలో న్యూయార్క్ రాష్ట్రం వార్విక్‌లో కూచున్న సాక్షుల పరిపాలక సభ కొంచెం కరిగింది. బహిష్కృతుడు కూటానికి వస్తే ఇష్టమున్నవాళ్ళు ఒక పలకరింపు పలకరించవచ్చునని అనుమతి వచ్చింది. పలకరింపు వరకే, కబుర్లు కాదు. మతభ్రష్టులని తేలినవారికి అదీ లేదు. అంటే మన గరివిడి మనిషికి మేనత్త కొడుకు "బాగున్నావేటి బావా" అని అనాలా వద్దా అన్నది అట్లాంటిక్ సముద్రం అవతల నిర్ణయమై, ఉత్తరాంధ్రకు దిగుమతి కావాలి. మన మాంగనీసు ఇక్కణ్ణించి ఎగుమతవుతుంటే, మన పలకరింపులు అక్కణ్ణించి దిగుమతవుతున్నాయి.

ఇందులో ఇంకో తమాషా ఉంది. 1985 జూలైలో కేరళలో ముగ్గురు పిల్లల్ని బడినుంచి వెళ్ళగొట్టారు. వాళ్ళు యెహోవాసాక్షుల పిల్లలు. జాతీయగీతం పాడేటప్పుడు మర్యాదగా లేచి నిలబడ్డారు గాని పాడలేదు. మా నమ్మకం ఒప్పుకోదన్నారు. కేసు సుప్రీంకోర్టుకెళ్ళింది. 1986 ఆగస్టు 11న తీర్పు చెప్పిన ధర్మాసనానికి పెద్ద జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి. మనవాడే, ఆంధ్రప్రదేశ్ హైకోర్టునుంచి వెళ్ళినవాడే. ఆ పిల్లల మనస్సాక్షి జోలికి పోయే హక్కు బడికి లేదని తేల్చి, మళ్ళీ చేర్చుకోమన్నాడు. దేశమంతా ఒకవైపు నిలబడి పాడుతుంటే, నోరు మెదపకుండా నిలబడే హక్కు ముగ్గురు పిల్లలకుందని చెప్పిన తీర్పది. భారత న్యాయచరిత్రలో గర్వపడాల్సిన రోజు. యెహోవాసాక్షులు ఆ తీర్పును చెప్పుకుని మురిసిపోతారు, మురిసిపోవాలి కూడా. నా సందేహం ఒక్కటే. దేశం గుంపులోంచి ఒంటరిగా నిలబడినవాడి మనస్సాక్షికి అంత విలువుంటే, సంఘం గుంపులోంచి ఒంటరిగా నిలబడినవాడి మనస్సాక్షి ఏ పాపం చేసింది?

రెండో వంతు మిగతా క్రైస్తవులది. ఇరవై ఏళ్ళుగా సాక్షులది దొంగబోధ అని మైకులో హెచ్చరిస్తున్న పాస్టరుగారు, అతను మానేశాడని తెలిసిన సాయంత్రమే వచ్చేస్తారు. "మేం అప్పుడే సెప్పినాం కాదేటి!" ఇది ఓదార్పు అనుకునేరు, కాదు, రసీదు. ఆ వెనకే ఆహ్వానం వస్తుంది: ఆదివారం మా సంఘానికి వచ్చి సాక్ష్యం చెప్పాలి. అక్కడ ఎంత చీకట్లో ఉన్నావో, ఎన్ని బాధలు పడ్డావో చెప్పాలి. అతనేమో, "అక్కడా కొందరు మంచివాళ్ళే ఉన్నారండీ, కాని నాకు నమ్మకం కుదర్లేదు" అంటాడు. సాక్ష్యం పనికిరాదు. చీకటి చాల్లేదు. పోనీ నాలుగు కన్నీటి చుక్కలైనా రాలుస్తాడా అంటే అదీ లేదు. ఆ ఆదివారం కార్యక్రమంలోంచి అతని పేరు కొట్టేస్తారు.

ఈ పాస్టరుగారి సంఘంలో ప్రతి ఆదివారం పాడే కీర్తనల్లో పురుషోత్తమ చౌధరి (1803–1890) రాసినవి ఉంటాయి. ఆయన పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి 1833లో బాప్తిస్మం తీసుకున్నాడు. అంటే ఆయనొక మానేసినవాడు. పుట్టిన మతాన్ని వదిలి వచ్చినవాడు కాబట్టే మనకి ఇన్ని కీర్తనలున్నాయి. అంతదాకా ఎందుకు, ముంగమూరి దేవదాసు లూథరన్ సంఘంలో పెరిగి, అందులోంచి బయటికొచ్చి 1938లో బైబిల్ మిషన్ మొదలుపెట్టాడు. ఆ లూథరన్లకు పేరిచ్చిన మార్టిన్ లూథర్‌ని 1521లో పోపు వెలివేశాడు. యెహోవాసాక్షుల ఉద్యమానికి మూలపురుషుడైన ఛార్లెస్ టేజ్ రస్సెల్ తాను పెరిగిన ప్రెస్బిటేరియన్ సంఘాన్ని వదిలి వచ్చినవాడే. ప్రతి గుడీ మానేసినవాడు కట్టిందే. కట్టడం పూర్తికాగానే లోపలినుంచి గడియ పెట్టుకోవడం ఆనవాయితీ. ఎవడైనా మన గుమ్మంలోకి వస్తే పరిశుద్ధాత్మ నడిపింపు, మన గుమ్మం దాటిపోతే సాతాను శోధన. పరిశుద్ధాత్మ ఒకే దిక్కుకి నడుస్తుందని ఎవరు తేల్చారో నాకు తెలియదు.

మూడో వంతు హైందవ సోదరులది. వీళ్ళు అతన్ని చూసి నిజంగానే సంతోషిస్తారు. "ఏటి బావూ, ఆ సాక్షులోల్ని వొగ్గీసినావట. మరింకేటి, మళ్ళీ మనోడివైపోనావు!" అతను ఎవరివాడూ కాలేదని చెప్పేలోపు కొబ్బరికాయ కొట్టేస్తారు. శుద్ధి హోమం, మెడలో దండ, పక్కన జిల్లా నాయకుడు, ఎదురుగా ఫొటో. ఘర్ వాపసీ అంటే ఇంటికి తిరిగి రావడం. బాగానే ఉంది. ఏ ఇంటికి? ఊరి చివర పేటలో అతని తాత ఏ ఇంట్లో ఉండేవాడో, ఏ ఇంట్లోంచి 'ఇక్కడ మనిషిగా చూడరు' అని బయటికొచ్చాడో, అదే ఇంటికి. దండ వేసిన నాయకుడి ఇంట్లోకి కాదు. ఫొటో దిగినవాళ్ళలో ఒక్కరు తమ పిల్లకి అతని కొడుకుతో సంబంధం కలుపుకుంటే చాలు, నేనీ పేరా మొత్తం వెనక్కి తీసుకుంటాను. ఇంతవరకు ఆ అవసరం పడలేదు.

పక్కవాళ్ళు ఇంకొందరున్నారు, వాళ్ళది వేరే భయం. 2023 అక్టోబరు 29న కేరళ కళమశ్శేరిలో యెహోవాసాక్షుల సమావేశంలో బాంబులు పేలి ప్రాణాలు పోయాయి. పోలీసులకు లొంగిపోయినవాడు తాను ఒకప్పుడు ఆ సంఘంలో ఉన్నవాణ్ణేనని చెప్పుకున్నాడు. ఆ నేరం ఘోరమైనది, దానికి బలైనవాళ్ళు ప్రార్థనకు వచ్చిన అమాయకులు. కాని ఆనాటినుంచి మన షాపు మనిషిని చూసి, "ఆ బాంబెట్టినోడు కూడా మీ లాగే మానీసినోడేనట కదా" అని నవ్వుతూ అనేవాళ్ళు తయారయ్యారు. లోపలున్నప్పుడు సంఘం చేసిన ప్రతి పనికీ అతను జవాబు చెప్పుకున్నాడు. బయటికొచ్చాక, బయటికొచ్చిన ప్రతివాడు చేసినదానికీ జవాబు చెప్పుకోవాలి. తన సొంత పనికి జవాబు చెప్పుకునే అవకాశమే అతనికింకా రాలేదు.

నాలుగో వంతు సర్కారుది. ఇక్కడే అసలైన వేదాంతం ఉంది. మన మనిషి దళితుడనుకుందాం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ మతం వాళ్ళే షెడ్యూల్డు కులాలవాళ్ళు. 1956లో సిక్కుల్నీ 1990లో బౌద్ధుల్నీ కలిపారు. క్రైస్తవుడైతే ఆ హోదా పోతుంది. మన రాష్ట్రంలో బీసీ-సీ కింద ఒక్క శాతం వాటాలోకి జరుగుతాడు. బాప్తిస్మంతో అంటరానితనం పోదు, సర్టిఫికెట్ పోతుంది.

నికేయా మహాసభ జరిగిన 325వ సంవత్సరంనుంచి, త్రిత్వాన్ని ఒప్పుకోనివాడు క్రైస్తవుడేనా కాడా అని వేదపండితులు కొట్టుకుంటున్నారు. యెహోవాసాక్షులు త్రిత్వాన్ని ఒప్పుకోరు కాబట్టి వాళ్ళసలు క్రైస్తవులే కారని మన పాస్టరుగారి వాదన. పదిహేడు వందల ఏళ్ళ ఈ వివాదాన్ని మన తహసీల్దారు ఆఫీసు ఒక్క రబ్బరు స్టాంపుతో పరిష్కరించింది: క్రైస్తవుడే. చర్చి చేర్చుకోనివాణ్ణి సర్కారు చేర్చుకుంది, కోత పెట్టడానికి.

సరే, ఇప్పుడు మానేశాడు కదా, కులం సర్టిఫికెట్ తిరిగివ్వండి అంటే కుదరదు. 2015లో సుప్రీంకోర్టు మూడు సంగతులు రుజువు కావాలంది. ఒకప్పుడు ఆ కులంవాడేనని రుజువు. పూర్వపు మతంలోకి తిరిగి వచ్చాడని రుజువు. ఆ కులంవాళ్ళు అతన్ని తమలో కలుపుకున్నారని రుజువు. ఈ మూడో షరతు కొత్తదేం కాదు. గుంటూరు మెడికల్ కాలేజీలో సీటు కోసం వచ్చిన కేసులో 1976లోనే, తిరిగి హిందువైనవాణ్ణి కులం ఒప్పుకుంటే అతను ఆ కులంవాడేనని అదే కోర్టు చెప్పింది. ఆ కుర్రాడికి న్యాయం జరిగింది, సంతోషం. కాని ఆ సూత్రాన్ని ఒకసారి నెమ్మదిగా చదవండి. అంటరానితనాన్ని నిర్మూలించామని రాసుకున్న దేశంలో, ఒక మనిషి హక్కు అతన్ని కులం ఒప్పుకుందా లేదా అన్నదాని మీద ఆధారపడింది. దేవుడు ఒప్పుకుంటే చాలదు, చట్టం ఒప్పుకుంటే చాలదు, కులం సంతకం పెట్టాలి. పైగా నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే మతం మారితే అది రాజ్యాంగానికి మోసమని 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు ఇంకో కేసులో చెప్పింది. అంటే నమ్మకం ఉందో లేదో కూడా తేల్చాలి. భక్తిని కొలిచే సాధనం చీపురుపల్లి రెవెన్యూ డివిజన్లో ఇంకా సప్లై కాలేదనుకుంటాను.

మనకన్నా ముందున్న రాష్ట్రాలున్నాయి. ఉత్తరప్రదేశ్ 2021 చట్టం ప్రకారం మతం మారాలంటే 60 రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేటుకి తెలియజేయాలి. అంతకు సరిగ్గా ముందున్న మతంలోకి తిరిగి వస్తే మాత్రం అది మతమార్పిడే కాదు. పోయేవాడిది నేరమై ఉండొచ్చు, దర్యాప్తు చేద్దాం. వచ్చేవాడిది ఎలాగూ స్వేచ్ఛే. సంఘాల గుమ్మాలకున్న గడియే చట్టానికీ ఉంది, ఎటువైపు బిగించారన్నదే తేడా.

ఇక ఎటూ పోనివాడి సంగతి? సంఘం మానేసి, హోమమూ వద్దని, ఏ మతమూ నాకొద్దు అన్నవాడు? అతనికి ఫారంలో గడే లేదు. ఏదో ఒక మతం చెప్పి తీరాలని పౌరుణ్ణి బలవంతపెట్టరాదని 2014లో బొంబాయి హైకోర్టు చెప్పింది. పుట్టుక నమోదు దరఖాస్తులో 'మతం లేదు, కులం లేదు' అన్న గడి ఒకటి పెట్టమని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. ఒక ఖాళీ గడి కోసం హైకోర్టు దాకా వెళ్ళాల్సిన దేశం మనది. దేవుళ్ళు కోట్లలో ఉండొచ్చు గాని, దేవుడు లేని గడి ఒక్కటి పెట్టడానికి చోటు చాల్లేదు.

ఐదో వంతు పండితులది. పండితులైతే పక్షపాతం లేకుండా చూస్తారని ఆశపడ్డాను. ఆక్స్‌ఫర్డ్ సమాజశాస్త్రవేత్త బ్రయన్ విల్సన్, ఒక మతాన్ని విడిచి వచ్చి దాన్ని తిట్టేవాడి సాక్ష్యాన్ని కోర్టుగాని పరిశోధకుడుగాని నమ్మదగినదిగా తీసుకోరాదన్నాడు. విడిచినవాడు తన పోకను సమర్థించుకోవడానికి కథ అల్లుతాడట. అల్లేవాళ్ళు ఉంటారు, కాదనను. మరి లోపలున్నవాడు తన ఉనికిని సమర్థించుకోవడానికి అల్లడా? ఈ లెక్కన కాపురం ఎలా ఉందో అత్తగారినే అడగాలి, కోడల్ని అడక్కూడదు. కోడలు పుట్టింటికొచ్చేసింది కాబట్టి ఆమెకి పక్షపాతం ఉంటుంది.

ఇప్పుడు మన ప్రజాప్రతినిధుల్ని చూడండి. వీళ్ళకీ మానేసే అలవాటుంది. 1985లో 52వ రాజ్యాంగ సవరణ చేసి, పదో షెడ్యూలు పెట్టి మరీ ఫిరాయింపులు ఆపుదామన్నారు. మూడోవంతు చీలితే తప్పు లేదన్నారు. తర్వాత అది తీసేసి, మూడింట రెండొంతులు కలిసి విలీనమైతే తప్పు లేదన్న వెసులుబాటు మాత్రం ఉంచారు. ఒక్కడు పోతే ద్రోహం, గుంపుగా పోతే సిద్ధాంతం. నిన్నటిదాకా తిట్టిన నాయకుడి పక్కన ఇవాళ కొత్త కండువాతో నిలబడితే ఊరు ఊరంతా డప్పులు. ఏ అమ్మా అతనితో మాట్లాడ్డం మానదు, ఏ తహసీల్దారూ అతని నమ్మకాన్ని కొలవడు, ఏ ప్రొఫెసరూ అతని మాట చెల్లదనడు. గిరీశాన్ని సృష్టించిన జిల్లా మనది. అభిప్రాయాలు మార్చుకునేవాళ్ళని చూసి నవ్వుకోవడం గురజాడ మనకు ఎప్పుడో నేర్పాడు. లాభానికి మారేవాణ్ణి చూసి నవ్వమన్నాడు గాని, మనసొప్పక మారేవాణ్ణి తరమమనలేదు. మనం సరిగ్గా తిరగేసి నేర్చుకున్నాం. లాభానికి మారేవాడికి పూలదండ, మనసొప్పక మారేవాడికి వెలి.

కోర్టుకెళ్ళొచ్చు కదా అంటారు. వెళ్ళారు. సంఘం వెలివేస్తే తన వ్యాపారం పోయిందని కెనడాలో ఒక మాజీ సాక్షి కేసు వేస్తే, అది మా పరిధిలో లేదని 2018లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. నార్వే ప్రభుత్వం ఈ వెలి కారణంగానే సాక్షుల రిజిస్ట్రేషన్ తీసేస్తే, 2025 మార్చిలో అప్పీలు కోర్టు సంఘం పక్షాన నిలిచింది. మన దేశంలోనూ, వెలిని నిషేధించిన 1949 నాటి బొంబాయి చట్టాన్ని దావూదీ బొహ్రాల కేసులో సుప్రీంకోర్టు 1962లో కొట్టేసింది. మహారాష్ట్ర 2016లో సామాజిక బహిష్కారం మీద కొత్త చట్టం చేసుకుంది; మనకది లేదు. ఉన్నా ఎంతవరకు? కోర్టు సీటిప్పించగలదు, సర్టిఫికెటిప్పించగలదు. 'మీ అన్నయ్యతో మాట్లాడండి' అని డిక్రీ ఇవ్వలేదు. ఇవ్వకూడదు కూడా. ఎవరితో మాట్లాడాలో సర్కారు చెప్పే రోజు వస్తే అది ఇంతకంటే పెద్ద ప్రమాదం. రష్యా 2017లో యెహోవాసాక్షుల సంస్థనే నిషేధించి, ప్రార్థన చేసుకున్నవాళ్ళని జైల్లో పెడుతోంది. ఆ దారి మనకొద్దు. సాక్షులకు సాక్షులుగా ఉండే హక్కు పూర్తిగా ఉంది. ఆ గుమ్మం దాటి వచ్చేవాడికీ అంతే హక్కు ఉంది, ఒక అణా తక్కువ కాదు.

కాబట్టి బంతి కోర్టులో లేదు, గరివిడిలోనే ఉంది. రాజ్యాంగం 25వ అధికరణం మనస్సాక్షి స్వేచ్ఛ ఇచ్చింది. అందులో చేరేవాడికని, మానేవాడికి కాదని ఎక్కడా రాయలేదు. దాన్ని అమలు చెయ్యడానికి జీవో అక్కర్లేదు. పెద్దలారా, మీ ప్రకటన మీరు చదువుకోండి. ఆ తర్వాత తల్లిని కొడుకుతో మాట్లాడనివ్వండి. పాస్టరుగారూ, అతన్ని సాక్ష్యం అడక్కండి, పెళ్ళిపిలుపు ఇవ్వండి. హోమం చేసే బాబులూ, అగ్గి రాజేసే ముందు అతనికి మీ ఇంట్లో పీట వేస్తారా లేదా తేల్చుకోండి. తహసీల్దారుగారూ, ఒక ఖాళీ గడి పెట్టండి. ఇక మనలో మిగిలినవాళ్ళకి పని చాలా చిన్నది. రేపు అతను ఎదురొస్తే ఆగి బాగున్నావా అని అడగండి, ఎందుకు మానేశావని అడక్కండి. అతను పోయిన రోజున ఏ శ్మశానం అని తర్జనభర్జన పడకుండా నలుగురు భుజం పట్టండి. ఇంతమాత్రం చెయ్యలేని ఊరికి ఎన్ని గోపురాలుంటే ఏం, ఎన్ని శిలువలుంటే ఏం?